అనంతపురంలో పెళ్లి భోజనాలు: కేటరింగ్ మాట్లాడే ముందు అందరూ అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఏ పెళ్లి కుదిరినా బట్టలు ఒకరు, బంగారం ఒకరు చూసుకుంటారు. భోజనాలు మాత్రం నా నెత్తిన పడతాయి. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు, చిన్నాయన కొడుకు పెళ్లి, బావ వాళ్ల గృహప్రవేశం, ఇట్లా చేసి చేసి ఇప్పుడు తెలిసినవాళ్లు ముహూర్తం పెట్టుకోగానే నాకు ఫోన్ చేస్తున్నారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. అనంతపురం టౌను, ధర్మవరం, తాడిపత్రి, గుంతకల్లు, కదిరి వైపు పెళ్లిళ్లను మనసులో పెట్టుకుని రాసింది ఇది.

ఎన్ని నెలల ముందు మాట్లాడుకోవాలి?

లగ్నపత్రిక రాసుకున్న వారంలోనే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా, మధ్యలో మూఢం వస్తే మిగిలిన కొద్ది మంచి రోజుల మీదే ఊరంతా పడుతుంది. మీకు కుదిరిన ముహూర్తం ఇంకో ఇరవై ఇళ్లకూ కుదిరి ఉంటుంది. ఊర్లో మంచి వంటమాస్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

అయితే మండపం కంటే ముందు కేటరింగ్‌కు అడ్వాన్స్ ఇవ్వొద్దు. కొన్ని మండపాల్లో వాళ్లు చెప్పిన కేటరర్‌నే పెట్టుకోవాలి, బయటివాళ్లను తెస్తే వంటగదికి విడిగా డబ్బు కట్టాలి. ఇది మండపం బుక్ చేసేటప్పుడే అడగాలి.

పూర్తి కాంట్రాక్ట్ ఇవ్వాలా, సరుకులు మనమే తెచ్చి మాస్టర్‌కు కూలి ఇవ్వాలా?

ఇంట్లో పెత్తనం చేసే మనిషి ఉంటే రెండోది. లేకపోతే మొదటిది.

సరుకులు మనవైతే నూనె ఏదో, నెయ్యి ఏదో, బియ్యం కొత్తవా పాతవా మన చేతిలో ఉంటుంది. కానీ మాస్టర్ రాసిచ్చే సరుకుల పట్టీ చూస్తే కళ్లు తిరుగుతాయి. చెడిపోతే మాట వస్తుందని ఆయన ఎప్పుడూ కొంచెం ఎక్కువే రాస్తాడు. స్టోర్ రూమ్ తాళం ఒకరి దగ్గరే ఉండాలి. మా పెద్ద చెల్లెలి పెళ్లిలో ఆ తాళం మా మేనమామ బొడ్లో ఉండింది. తాళి కట్టేటప్పుడు కూడా ఆయన జీడిపప్పు తూకం వేస్తున్నాడు. మేనమామ లేకుండా ఫొటో దిగారని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

మాస్టర్లు వేసుకునే లెక్క తెలిసి ఉంటే పట్టీ చూసి భయపడక్కర్లేదు. నాలుగైదు రకాలున్న భోజనానికి వంద మందికి బియ్యం 10 నుంచి 12 కిలోలు, కందిపప్పు 3 కిలోల దగ్గర, పెరుగుకు పాలు 10 నుంచి 12 లీటర్లు. పల్లె నుంచి ట్రాక్టర్లలో వచ్చే బంధువులు ఎక్కువైతే బియ్యం ఇంకో రెండు కిలోలు కలపండి. వాళ్లు పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో వస్తారు.

వంట బాగా చేస్తారో లేదో ముందే ఎట్లా తెలుస్తుంది?

ఆఫీసులో కూర్చోబెట్టి చిన్న గిన్నెల్లో రుచి చూపించేదాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఐదుగురికి వండటం వేరు, ఐదు వందల మందికి వండటం వేరు. పది కిలోల వంకాయలు ఒకే గుండిగలో మగ్గితే అడుగున ఉన్నవి గుజ్జు, పైనున్నవి పచ్చి. దాన్ని సరిగ్గా దించేవాడే మాస్టర్.

ఆయన చేసే ఇంకో పెళ్లికి వెళ్లండి. "ఫలానా రోజు మీ వంట ఎక్కడుంది సార్, ఒకసారి వచ్చి చూస్తాను" అని అడగండి. సరే అన్నవాడి మీద సగం నమ్మకం అక్కడే కుదురుతుంది. వెళ్లాక భోజనాల హాల్లోకి కాదు, వెనక్కి వెళ్లండి. ఎంగిలి ఆకులు పడేసే చోట రెండు నిమిషాలు నిలబడండి. ఏ కూర ఆకుల్లో కుప్పలుగా మిగిలిందో చూడండి. మొహమాటానికి బాగుందని చెప్పే బంధువులుంటారు గానీ, మొహమాటపడే ఆకు ఉండదు.

తర్వాత మండపం వాచ్‌మన్‌ని అడగండి. ఆయన ఆ సీజన్లో అందరి వంటా తిని ఉంటాడు. ఎవరు టైముకు వస్తారు, ఎవరు గిన్నెలు కడగకుండా పోతారు, ఎవరి దగ్గర టిఫిన్ అయిపోయి గొడవైంది, అన్నీ చెబుతాడు. ఒక టీ ఇప్పిస్తే చాలు.

మనం మాట్లాడిన మాస్టర్ అదే రోజు ఇంకో రెండు పెళ్లిళ్లు ఒప్పుకుంటే?

ఒప్పుకుంటాడు. మంచి ముహూర్తం రోజు ఒక్క పెళ్లితో ఎవరూ ఊరుకోరు, అందులో తప్పు కూడా లేదు. మీరు అడగాల్సింది ఒక్కటే: "ఆ రోజు మా పొయ్యి దగ్గర నిలబడేది ఎవరు?" పేరు చెప్పమనండి, ఆ మనిషిని ముందే కలవండి. నన్ను అడిగితే మెనూ కంటే, రేటు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

దెబ్బ తిన్నాక చెబుతున్నాను. మా చిన్న చెల్లెలి పెళ్లికి పేరున్న మనిషినే మాట్లాడాం. మండపం ఆయనకు కొట్టిన పిండి. తీరా ఆ తెల్లవారుజామున వేరే ఊరి నుంచి ఎనిమిది మంది కుర్రాళ్లు దిగారు. మాస్టర్ ఎక్కడంటే "వస్తాడన్నా, దారిలో ఉన్నాడు" అన్నారు. ఆయన వచ్చింది మధ్యాహ్నం రెండింటికి, లెక్క తేల్చుకోవడానికి. ఈలోపు కందిపప్పు ఉడకలేదు. గంటన్నర మంట పెట్టినా పలుకులు పలుకులుగానే ఉంది. మొదటి బంతి ఆకుల ముందు కూర్చుని నీళ్లు చల్లుకుంది, మళ్లీ చల్లుకుంది. ఉరవకొండ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు "ఏమప్పా, పప్పు ఇంకా చేన్లోనే ఉందా?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. మా నాన్న మాత్రం నవ్వలేదు.

పప్పు ఎందుకు ఉడకలేదు?

నీళ్ల వల్ల. ఆ మండపంలో వంటకు బోరు నీళ్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన పడే ప్రాంతం మనది. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువవుతాయి, చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో పప్పు మెత్తబడదు. ఆ మండపం సంగతి తెలిసిన మాస్టర్ అయితే పప్పుకూ అన్నానికీ తాగే నీళ్లే వాడేవాడు. వచ్చిన కుర్రాళ్లకు తెలియదు. చివరికి తినే సోడా వేసి ఉడికించారు. రంగు మారింది, రుచి పోయింది.

కాబట్టి మండపం చూడటానికి వెళ్లినప్పుడు ఒక బాటిల్‌లో వంటగది నీళ్లు పట్టుకొచ్చి ఇంట్లో గుప్పెడు కందిపప్పు ఉడకబెట్టి చూడండి. తేలిక పని. ఉడకకపోతే వంటకు మంచినీళ్ల ట్యాంకర్ గానీ, 20 లీటర్ల క్యాన్లు గానీ ఎవరు తేవాలో ముందే తేల్చుకోండి. "నీళ్లు పార్టీదే" అని చాలామంది కేటరర్లు చివర్లో చెబుతారు. గిన్నెలు కడగడానికి, చేతులకు బోరు నీళ్లు సరిపోతాయి.

మెనూలో ఎన్ని రకాలు పెట్టాలి?

తక్కువ. ముప్పై రకాలు రాసుకున్న పెళ్లిలో నాకు ఒక్కటి కూడా గుర్తులేదు. పదిహేను పెట్టిన పెళ్లిలో చెనిక్కాయల (వేరుశనగ) పొడి, నెయ్యి ఇంకా గుర్తున్నాయి.

బెంగళూరు దగ్గర, బళ్లారి ఇంకా దగ్గర కావడంతో మన దగ్గర మెనూ కార్డుల్లో గోబీ మంచూరియా, రుమాలీ రోటీ, నాలుగు రకాల సలాడ్ దూరిపోయాయి. పిల్లలకు ఒకటి రెండు ఉండనివ్వండి. ముహూర్తం భోజనంలో మాత్రం మన వంట మన చేతికి రావాలి. చిత్రాన్నం, పప్పు, గుత్తి వంకాయ, అలసంద వడ, సాంబారు, చారు, గట్టి పెరుగు, ఓళిగ (బొబ్బట్టు). ఇవి బాగా కుదిరితే ఎవరూ పన్నీర్ అడగరు.

టిఫిన్‌కు ఉగ్గాని పెట్టించాలని చాలామందికి సరదా. పెట్టించండి, కానీ బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపులో కలిపాక అరగంట దాటితే ముద్ద అయిపోతుంది. కాస్త కాస్తగా కలుపుతూ ఉండే మనిషి ఒకడు అక్కడే ఉండాలి. ఉండడంటే ఇడ్లీ, వడ, పొంగలికి పోండి.

ఓళిగలు వాళ్లే చేస్తారా, బయట కొంటారా?

అడిగి తెలుసుకోండి. చాలామంది కేటరర్లు ఓళిగలు చేసే ఆడవాళ్లకు విడిగా ఆర్డర్ ఇస్తారు. ఆ ఆడవాళ్ల చేతి పని మాస్టర్ల పని కంటే చాలాసార్లు బాగుంటుంది, అందుకని దానికి అభ్యంతరం లేదు. ఎప్పుడు చేసినవి అనేదే ముఖ్యం. పెనం మీది నుంచి తీసినవి వేడి మీదే ఒకదానిమీద ఒకటి పేర్చి మూత పెడితే చెమట పట్టి అతుక్కుపోతాయి. మరుసటి రోజు విడదీస్తే పూర్ణం ఒక చోట, పొర ఒక చోట. తెల్లగుడ్డ మీద విడివిడిగా ఆరబెట్టి, ఆరాక పేర్చాలి. మా జేజి అయితే మధ్యలో వేళ్లతో నెయ్యి చిలకరించేది.

ముందు రోజు సాయంత్రం చేసినవైనా పరవాలేదు. రెండు రోజుల కిందటివి అయితే వద్దనండి. కొబ్బరి వేసిన పూర్ణం మాత్రం ఎండాకాలంలో ఒక్క రాత్రికే పులుస్తుంది.

ఎన్ని ప్లేట్లు చెప్పాలి?

ఇంటికి వెళ్లి చెప్పిన పిలుపు వేరు, వాట్సాప్‌లో పంపిన కార్డు వేరు. ఇంటింటికీ బొట్టు పెట్టి పిలిచిన చోట ఇంటిల్లిపాదీ వస్తారనుకోండి. ఫోన్లో చూసినవాళ్లలో సగం మంది రారు.

మన వైపు చాలా పెళ్లిళ్లకు రిసెప్షన్ ముహూర్తానికి ముందు రాత్రే ఉంటుంది. జనం అప్పుడే వస్తారు. ఆఫీసువాళ్లు, స్నేహితులు, వ్యాపారం తెలిసినవాళ్లు అక్షింతలు వేసి, తినేసి, ఇంటికి పోతారు. తెల్లవారుజామున ముహూర్తమైతే ఉండేది దగ్గరివాళ్లే. అందుకని మూడు పూటలకూ ఒకే సంఖ్య చెప్పకండి. రాత్రికి 800 అనుకుంటే పొద్దున టిఫిన్‌కు అందులో సగం, మధ్యాహ్నానికి ఇంకొంచెం తక్కువ, ఇట్లా వేసుకుంటాను నేను. ముహూర్తం పది పదకొండు గంటలకు ఉంటే మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది, మధ్యాహ్నమే ఎక్కువ.

మేళంవాళ్లు, ఫొటోలవాళ్లు, లైటింగ్, బస్సు డ్రైవర్లు కలిపి ముప్పై నలభై మంది తేలతారు. వాళ్ల భోజనం లెక్కలోకి వస్తుందా అని అడగండి.

ప్లేట్ల లెక్క దగ్గర గొడవ రాకుండా?

వంట మొదలయ్యే ముందు ఆకులు లేదా ప్లేట్లు ఎన్ని తెచ్చారో మీ మనిషి, వాళ్ల మనిషి కలిసి లెక్కపెట్టి ఒక చీటీ మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. చివర్లో మిగిలినవి తీసేస్తే అదే లెక్క. చిరిగిన ఆకులు పక్కన పెట్టించండి, అవి కూడా వాడినట్టు రాసేస్తారు. బఫేలో ఒకే మనిషి రెండో ప్లేటు తీసుకోవడం మామూలే. దానికి 5 శాతం తగ్గించమని ముందే మాట్లాడుకోవచ్చు, చాలామంది ఒప్పుకుంటారు.

ప్లేటు రేటు ఎంత ఉండొచ్చు?

ఇక్కడ ఒక అంకె రాస్తే వచ్చే సీజన్‌కు అది పనికిరాదు. రేటును ఎట్లా విప్పి చూడాలో చెబుతాను.

ఇద్దరు చెప్పిన రేట్లలో 20 రూపాయల తేడా ఉంటే 500 ప్లేట్లకు 10 వేలు. ఆ 10 వేలు తక్కువ చెప్పిన మనిషి దాన్ని ఎక్కడ తగ్గించాడో అడగండి. మామూలుగా మూడు చోట్ల తగ్గుతుంది: నెయ్యి డాల్డా అవుతుంది, వడ్డించే మనుషులు తగ్గుతారు, లేదా గ్యాస్, రవాణా, నీళ్లు, వంటపాత్రల అద్దె "విడిగా" అయిపోతాయి. చివరిది బిల్లులో తెలుస్తుంది. వడ్డించేవాళ్లు తగ్గితే మాత్రం హాల్లో మన పరువు పోతుంది.

ధరలు పెరిగితే ఎవరు భరించాలో కూడా తేల్చుకోండి. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి పోయిన రోజులు గుర్తున్నాయి కదా. అప్పుడు చారులో టమాటాకు బదులు చింతపండే కనపడింది. సరుకుల ధరల సాకుతో రేటు పెంచకూడదని కాగితం మీద ఉంటే, మెనూలో మార్పు మిమ్మల్ని అడిగి చేయాలని కూడా ఉండాలి.

బఫేనా, బంతి భోజనాలా?

రాత్రికి బఫే, మధ్యాహ్నం బంతి. ముసలివాళ్లను ప్లేటు పట్టుకుని నిలబెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. బంతికి వంద ఆకులు వేస్తే వడ్డనకు పది మంది కావాలి, నీళ్లకు విడిగా ఇద్దరు. "మా పిల్లలు ఆరుగురు చాలు సార్" అంటారు. చాలరు. పప్పు మొదటి ఆకుకూ చివరి ఆకుకూ పడేసరికి మొదటాయన అన్నం చల్లారి ఉంటుంది.

అరిటాకు కావాలంటే ముందే చెప్పండి. నార్పల, పుట్లూరు, యల్లనూరు వైపు అన్ని అరటి తోటలున్నా, గెల కోసం పెంచిన చెట్టుకు రైతు ఆకు కోయనివ్వడు. ఆకులు వేరే వ్యాపారం.

మాంసం భోజనం పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

మా వైపు చాలా ఇళ్లలో పెళ్లి అయిన మరుసటి రోజు పొట్టేలు కూర, రాగి సంగటి. తలకు 150 గ్రాముల మాంసం వేసుకుంటే బాగా సరిపోతుంది. కోసింది మీ కళ్ల ముందు తూకం వేయించండి, తూకం ఎముకతోనా ఎముక లేకుండానా అనేది ముందే మాట్లాడుకోండి. ముస్లిం స్నేహితులను పిలిచి ఉంటే హలాల్ కోత చెప్పాలి. శాకాహారులకు వేరే పొయ్యి, వేరే గరిటెలు, వడ్డించే మనిషి కూడా వేరే ఉండాలి. అదే గరిటె సాంబారులో ముంచితే ఇక వాళ్లు లేచిపోవడమే.

సంగటి చల్లారితే రాయి. ముద్దలు చేసి తడిగుడ్డ కప్పి, బంతి కూర్చున్నాకే తీయాలి.

వైశాఖంలో పెళ్లి, ఎండలు 40 దాటతాయి. ఆహారం చెడిపోదా?

చెడిపోతుంది, ముఖ్యంగా పెరుగు, కొబ్బరి చట్నీ, పాలతో చేసినవి, ముందే వండి పెట్టిన అన్నం. వేడిగా ఉండాల్సింది 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా వండిన రెండు గంటల్లో అయిపోవాలి. ఒకేసారి మొత్తం అన్నం వండి గంపల్లో పోసే పద్ధతి ఎండాకాలంలో వద్దు. బంతికో వాయి దించమనండి. పెరుగు ముందు రోజు మధ్యాహ్నం తోడుపెడితే రాత్రికే పులిసిపోతుంది. అర్ధరాత్రి దాటాక తోడుపెట్టించండి. రేకుల షెడ్డు వంటగది అయితే వంటవాళ్లకు రెండు పెద్ద ఫ్యాన్లు మీరే పెట్టించండి. చెమట కారుతూ వండే మనిషికి ఉప్పు అంచనా తప్పుతుంది.

లైసెన్స్, బిల్లు అడగాలా?

అడగండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్ 14 అంకెలు ఉంటుంది. ఆ సంస్థ వెబ్‌సైట్ ఫాస్కాస్ పోర్టల్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో, గడువు ఉందో లేదో కనిపిస్తుంది. బిల్లు ఇచ్చే కేటరర్ అయితే 5 శాతం జీఎస్టీ వేస్తారు. అది ప్లేటు రేటులో కలిసి ఉందా, పైన పడుతుందా అనేదే తర్వాత తగవు.

గ్యాస్?

19 కిలోల కమర్షియల్ సిలిండర్లే వాడాలి. ఇంటి సిలిండర్లు తెచ్చిపెట్టమంటే ఒప్పుకోకండి. ప్రమాదం జరిగితే మీ పేరే బయటికి వస్తుంది.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు పెట్టొచ్చా?

లేదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులకు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. స్టీలు గ్లాసులు పెట్టించండి. కడిగే మనిషికి ఇచ్చే కూలి పెద్దదేం కాదు.

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి? కాగితం రాసుకోవాలా?

మూడు వంతులుగా ఇస్తాను. మాట్లాడుకున్న రోజు కొంత, సరుకులు కొనే వారం ముందు పెద్ద భాగం, చివరి బంతి లేచాక మిగతాది. ఆ మిగతాది అదే సాయంత్రం ఇచ్చేయండి. వంటవాళ్ల కూలి అందులోంచే పోతుంది, రేపు రమ్మని తిప్పడం అన్యాయం.

కాగితం తప్పకుండా రాసుకోవాలి. తేదీ, ఏ పూటకు ఎన్ని ప్లేట్లు, ప్రతి పూటా మెనూ, వడ్డించే మనుషులు ఎంతమంది, ఎక్కువైన ప్లేటుకు రేటు, నీళ్లు ఎవరివి, వంటగది శుభ్రం ఎవరు చేయాలి, పొయ్యి దగ్గర ఉండే మాస్టర్ పేరు. ఒక పేజీ చాలు. తెలిసినాయన కదా అని మొహమాటపడితే తర్వాత ఆ తెలిసినాయనతోనే మాటలు పోతాయి.

మిగిలిపోయిన అన్నం, కూరలు ఎవరివి?

ప్లేటు లెక్కన ఇచ్చినా మిగిలింది మనదేనని కాగితంలో రాయించండి. ఏదైనా ఆశ్రమానికి, హాస్టల్‌కు ఇవ్వాలనుకుంటే ముందు రోజే ఫోన్ చేసి ఏ టైముకు తెస్తామో చెప్పాలి. సాయంత్రం నాలుగింటికి గిన్నె మూత తీసి వాసన చూసి, "ఇది ఎవరికైనా ఇచ్చొద్దాం" అనుకోవడం కాదు. చిత్రాన్నం, ఓళిగలు, వడలు ఇవ్వొచ్చు. సాంబారన్నం, పెరుగన్నం మధ్యాహ్నం రెండు దాటితే ఇవ్వను నేను.

పెళ్లి రోజు వంట దగ్గర మనవాళ్లు ఎవరుండాలి?

పెళ్లికూతురి తండ్రి, అన్నదమ్ములు కాదు. వాళ్లను ప్రతి ఐదు నిమిషాలకూ పంతులుగారు పిలుస్తుంటారు. కాస్త నోరున్న, కోపం తక్కువున్న దగ్గరి బంధువు ఒకరు. మేనత్త భర్తో, పెద్ద బావో. తెల్లవారుజామున మూడింటికి వంటగదిలో ఉండాలి, మాస్టర్‌కు మొదటి టీ తనే ఇవ్వాలి, ప్రతి గుండిగలోంచీ ఒక గరిటె రుచి చూడాలి. చూసి "ఉప్పు కొంచెం" అనగలగాలి. ఆయనకు ఆ రోజు కొత్త బట్టలు వేసుకోవద్దని చెప్పండి. మా బావ తెల్ల పట్టుచొక్కా మీది పసుపు మరక ఇంకా పోలేదు.